సబ్బుతో కడిగిన సీసా

సార్ పోయారని బుధవారం పొద్దున జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. "గుండె ఆగిందట, దవాఖానకు గూడ తీస్కపోనియ్యలే" అంది నా క్లాస్‌మేట్. నేను కోరుట్లలో మా ఇంటి వెనక, శనివారం సిరిసిల్ల తీసుకుపోవాల్సిన సీసాలు కడుగుతున్నాను. నల్లా కట్టేయడం కూడా మర్చిపోయాను.

మీలో చాలామందికి ఆయన తెలియరు. డిగ్రీ కాలేజీలో మాకు పర్యావరణ శాస్త్రం చెప్పేవారు. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్న మా గ్రూపులో ఐదుగురమే. నేను చేరినప్పుడు మా మేనత్త "చెట్లు పెట్టెటందుకు డిగ్రీ గావాల్నానే?" అని పడీపడీ నవ్వింది. దుబాయిలో ఉన్న బాపు కూడా ఫోన్లో నసిగాడు. సార్‌కు చెబితే ఆయనా నవ్వారు. "చెట్లు ఎవలన్న పెడ్తరు బిడ్డా. నీళ్లల్ల ఏమున్నదో చూసి చెప్పెటోళ్లు గావాలె."

చూడటమంటే ఆయనకు పిచ్చి. క్లాసులో కన్నా వాగుల దగ్గరే మేం ఎక్కువ చదివాం. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత పట్టుకుని ముందు ఆయనే దిగేవారు. "నీళ్లు బాగా మురికి" అని రాస్తే కాగితం వెనక్కిచ్చేవారు. "బాగా అంటే ఎంత?" ఆ మాట వింటే మాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఇంట్లో ఎవరైనా కూరలో ఉప్పు బాగా ఎక్కువైందంటే అదే ప్రశ్న నా నోట్లోంచి వస్తోంది.

సిరిసిల్లలో నూలుకు రంగులేసే ఒక చిన్న కార్ఖానా ఉంది. దాని నీళ్లు వాగులో కలిసే చోట నెలకోసారి నమూనా పట్టేవాళ్లం. రెండో ఏడాది ఒకసారి సీసాలు కడిగే వంతు నాది. తళతళలాడాలని సబ్బు పొడి వేసి తోమాను. చుట్టాలకు నీళ్లిచ్చే గ్లాసులు కూడా ఎన్నడూ అంత శ్రద్ధగా తోమలేదు. పరీక్ష చేస్తే ఫాస్ఫేటు విపరీతంగా వచ్చింది. సార్ ఆ అంకెను వాగు పక్కన ఉండే బస్తీవాళ్ల ముందు, కార్ఖానా సేటు ముందు చదివారు. సేటు తల దించుకున్నాడు. వారం తర్వాత మాటల్లో నా తోముడు సంగతి బయటపడింది. ఆ ఫాస్ఫేటు సబ్బు పొడిదే కావచ్చు. ఇక ఆ అంకెను నమ్మడానికి లేదు.

"ఎవ్వరికి చెప్పకుంటే ఏమైతది సార్? నీళ్లయితే రంగుగనే ఉన్నయి గదా" అన్నాను. సిగ్గు లేకుండానే అన్నాను, ఒప్పుకుంటున్నాను.

"ఎంతమంది ముంగట చదివిన్నో, గంతమంది ముంగట వాపసు తీసుకోవాలె. పా, పోదాం" అన్నారు.

మళ్లీ అందరినీ పిలిపించారు. నిలబడి "మా సీసాల తప్పుంది. గా అంకె కొట్టేయున్రి" అన్నారు. నా పేరెత్తలేదు. నేనే లేచి, సీసా కడిగింది నేనని చెప్పాను. సేటు సార్ వైపు తిరిగాడు. "గిట్ల చెప్పెటోళ్లను నేను చూడలే. బయట ఎందుకు సార్? లోపలికే రాన్రి, పైపు కాడ్నే పట్టుకోన్రి" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి నెలా ఆ గేటు మాకోసం తెరుచుకుంది.

ధర్మపురిలో, గోదావరి ఒడ్డున సార్‌ను సాగనంపి వచ్చాక మా బెంగంతా ఆ గేటు మీదే. అది ఆయన ముఖం చూసి తెరిచిన గేటు. "ఈ నెలకు వద్దులే" అన్నారు కాలేజీలో. ఒక్క నెల తప్పితే లెక్కల వరుస తెగుతుంది, ఎన్ని నెలల శ్రమ విలువైనా సగానికి పడిపోతుంది. అది చెప్పింది కూడా ఆయనే. ఏడుపు తర్వాత ఏడుద్దామనుకుని శనివారం ఐదుగురం బస్సెక్కాం.

సేటు గేటు బయట వాకిట్లోనే ఉన్నాడు. "సార్ ఏడి బిడ్డా?"

చెప్పాను. ఆయన అక్కడే ఉన్న నూలు మూట మీద కూర్చుండిపోయాడు.

"మేము లోపటికి రావచ్చునా?" అని అడిగాను.

లేచి గేటు తీశాడు. పైపులోంచి సన్నగా, దాదాపు తేటగా నీళ్లు వస్తున్నాయి. ఆయన మనసు మారకముందే పట్టుకుని పోదామని గబగబా మూత తీశాను. సేటు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా. గిప్పుడు పడ్తె ఏం తెలుస్తది? రంగు తొట్టి ఇడిసేది ఇంకో గంటకు. అప్పుడు పట్టున్రి."

గంటసేపు గోడ వారన నిలబడ్డాం. ఆయనా మా పక్కనే నిలబడ్డాడు. తర్వాత పైపు గుర్రుమని, ముదురు నీలం నీళ్లు ఒక్కసారిగా దూకాయి. అడ్డంగా ఉన్న రేకును సేటే వంగి పక్కకు లాగి, సీసా పట్టడానికి నాకు చోటిచ్చాడు.