నాగా లేని రెండేళ్లు

ఆ రోజుల్లో మా రైల్వే కాలనీలో మనిషి మాట కన్నా కాగితం మీది ముద్రకే విలువెక్కువ. అందరి సంగతీ ఎందుకు, మా నాన్న సంగతే చెబుతాను. ఆయన విజయనగరం వైపు నుంచి రాయపూర్ వచ్చి రైల్వే గ్యాంగులో రోజుకూలీగా చేరారు. తొలి మూడేళ్లు చేసిన పనిని కార్డులో ఎవరూ ఎక్కించకపోవడంతో, పర్మినెంటయ్యాక ఆ మూడేళ్లూ సర్వీసులో కలవకుండా గాలికి పోయాయి. అప్పటినుంచి ఆయనకు హాజరంటే దైవంతో సమానం. జ్వరమొచ్చినా డ్యూటీ మానేవారు కారు. నా టీకాల చీటీ దగ్గర్నుంచి నేను ఐదో తరగతిలో ఓడిపోయిన పరుగుపందెం సర్టిఫికెట్ దాకా (పాల్గొన్నందుకు ఇచ్చార్లెండి) అన్నీ ఒక ఇనప్పెట్టెలో భద్రం. అటువంటి మనిషి కడుపున పుట్టి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకే ఒళ్లు ఝల్లుమంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఐటీఐ వెల్డింగ్ సర్టిఫికెట్ చూపించి సైన్యంలో చేరాను. ట్రైనింగ్ ముగిసి మొదటి సెలవుకు బయల్దేరుతుంటే మా యూనిట్ గుమాస్తా ఒక కబురు చెప్పాడు. చేరకముందు చదివిన చదువుకూ చేసిన పనికీ సరైన రుజువులు తెస్తే, వాటిని లెక్కలోకి తీసుకుని జీతంలో ఇంక్రిమెంట్లు కలుపుతారట. ఇంటికొచ్చి, నోరు ఊరుకోక, భోజనాల దగ్గర ఆ సంగతి నాన్నకు చెప్పాను. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వేసవి సెలవుల్లో ఊరి చివర ఉర్లా ఫ్యాక్టరీల పేటలో ఒక సేట్ గారి ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పని నేర్చుకునేవాణ్ణి కదా, అది కూడా కలుస్తుందన్నారు. అబ్బే, అలాంటివి చెల్లవని నేను గట్టిగా చెప్పాను. ఆయన వినలేదు. మర్నాడు నేను లేచేసరికి స్కూటర్ లేదు, నాన్న లేరు.

మీ దగ్గర దాపరికం ఎందుకు? నేను ఉర్లాలో పని చేసింది వేసవి సెలవుల్లో మాత్రమే కాదు. ఐటీఐలో ఇరవైమందికీ కలిపి ఒక్క వెల్డింగ్ మెషిన్ ఉండేది, అదీ ఎప్పుడూ మూలుగుతూ పడుకునేది. నేను చేరిన రెండో వారంలోనే క్లాసులకు నీళ్లొదిలి సేట్ గారి షెడ్డుకు పోవడం మొదలుపెట్టాను. అక్కడ రోజంతా నిప్పురవ్వలే, పక్కనే పని నేర్పుతూ హాజరు రాసుకునే మేస్త్రీ. ఆ పని మీద నాకు పిచ్చి పట్టుకుంది. క్లాసులో నా హాజరు సంగతి నా పక్కన కూర్చునే స్నేహితుడు బండోడు చూసుకునేవాడు. వాడి పేరు పిలిస్తే మామూలు గొంతుతో, నా పేరు పిలిస్తే ముక్కుతో పలికేవాడు. నాకు రెండేళ్లపాటు జలుబు తగ్గలేదని మాస్టారు జాలిపడేవారట.

పదకొండు గంటలకు పక్కింటికి ఫోనొచ్చింది. ఊళ్లో తెలీబంధా దగ్గర రిటైర్డు సుబేదార్ ఒకాయన ఉండేవారు. సైనికుల కాగితాలు సరిచూసి సంతకం పెట్టే పని రాయపూర్లో ఆయనది. తక్షణం ఆయన ఆఫీసుకు రమ్మని నాన్న ఉత్తర్వు. వెళ్లి చూద్దునుకదా, నాన్న పక్క కుర్చీలో సేట్ గారు కూడా దర్జాగా కూర్చుని ఉన్నారు. మన కుర్రాడు ఫౌజ్‌లో ఉన్నాడన్న అభిమానంతో, ఎవరూ పిలవకపోయినా తన కారులో వచ్చేశారట. ఒళ్లో అరమీటరు పొడుగు రిజిస్టర్.

సుబేదార్ గారు ఐటీఐ సర్టిఫికెట్ చదివారు. సేట్ గారు నాన్న చేతికిచ్చిన కాగితం చదివారు. మళ్లీ మొదటిది చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రెండింటి మీదా అవే రెండేళ్లు. అక్కడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఇక్కడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఇందులో ఒకటి అబద్ధం, ఏదో నువ్వే చెప్పమని ఆయన హిందీలో చాలా మర్యాదగా అడిగారు. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి. ఉర్లాది అబద్ధమంటే దొంగ కాగితం తెచ్చిన సిపాయినవుతాను. ఐటీఐది అబద్ధమంటే అసలు ఉద్యోగానికే ఎసరు.

నేను నోరు తెరిచేలోగా సేట్ గారికి పౌరుషం వచ్చింది. తన రిజిస్టర్‌నే అనుమానిస్తారా అని దాన్ని బల్ల మీద పరిచి, పేజీ తరవాత పేజీ తిప్పుతూ, "ఏక్ దిన్ భీ నాగా నహీ, సాబ్" అన్నారు, ఒక్క రోజూ మానలేదని. నా జన్మలో నన్ను ఎవరైనా అంత గొప్పగా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెచ్చుకోలే నా పీకకు చుట్టుకుంది.

నాన్న రిజిస్టర్ వైపు చూశారు. నా వైపు చూశారు. ఆయన ముఖంలో రక్తం లేదు.

"ఏటిరా ఇది? మరి రెండేళ్లూ బడికెవుడు ఎల్లేడు?"

ఇక చెప్పక తప్పలేదు. బండోడి ముక్కు గొంతుతో సహా అంతా చెప్పేశాను. పరీక్షలు కూడా వాడే రాశాడా అని సుబేదార్ గారు అడిగారు. లేదండీ, రాతపరీక్షలూ ప్రాక్టికల్సూ అన్నీ నేనే స్వయంగా రాశాను, పని మాత్రం సేట్ గారి దగ్గర నేర్చుకున్నాను అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, సర్టిఫికెట్ పరీక్ష పాసైనందుకు ఇచ్చింది, పరీక్ష నువ్వే పాసయ్యావు, హాజరు సంగతి నీకూ దేవుడికీ మధ్య అన్నారు. కాని రెండు కాగితాలూ కలిపి పంపితే మాత్రం ఎంక్వైరీ తప్పదట.

కాగితం కోసం కొట్టుకుపోయే మా నాన్న, మూడేళ్ల సర్వీసు పోయిందని ముప్పై ఏళ్లు కుమిలిన మనిషి, చెయ్యి చాచి నా రెండేళ్ల అనుభవాన్ని తన చేతులతోనే బల్ల మీంచి వెనక్కి తీసుకున్నారు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచారు. దెబ్బలు తిన్నా అంత బాధ ఉండేది కాదు.

స్కూటర్ మీద ఇంటికొచ్చాం. ఇంట్లో అడుగుపెట్టగానే నాన్న ఆ రెండేళ్ల కూలీ ఏమైందని అడిగారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కూలర్ వైపు చూసింది. అమ్మ పొదుపు చేసి కొన్నదని నాలుగు వేసవులుగా కాలనీ అంతా చెప్పుకుంటూ, ఆ కూలర్ ఎదురుగానే హాయిగా నిద్రపోయిన మా నాన్న, అక్కడే గడప మీద కూలబడిపోయారు. "నువ్వు కూడానా?" అని అమ్మను అడిగారు.

ఇంక్రిమెంట్లు ఐటీఐకి వచ్చినంతే వచ్చాయి. ఉర్లా కాగితం నాన్న చించేసి ఉంటారనుకున్నాను. మరుసటేడు సెలవుకొచ్చేసరికి అది ప్లాస్టిక్ అతికించుకుని ముందుగది గోడ మీద ఉంది. వచ్చినవాళ్లందరికీ ఆయన దాన్ని చదివి వినిపించడం మొదలుపెట్టారు. "సూడండి, రెండేళ్లలో ఒక్క రోజు నాగా లేదు. నా రక్తం కదా!"

మొన్న రిటైరై వచ్చాక తీరిగ్గా గోడ దగ్గర నిలబడి ఆ కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. పరీక్షలు జరిగిన పన్నెండు రోజులూ నేను ఐటీఐలోనే ఉన్నాను కదా, మరి నాగా లేకపోవడమేమిటి? అప్పుడు వెలిగింది. ఉర్లా షెడ్డు మేస్త్రీకి నేనంటే ప్రాణం. సేట్ గారికి తెలియకుండా ఆ పన్నెండు రోజులూ అక్కడ నా హాజరు ఆయనే వేసేశారు! వెనకనుంచి నాన్న వచ్చి, ఏం చూస్తున్నావని అడిగారు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, కళ్లు సరిగా ఆనవు, ఆ కాగితం మాత్రం చూడకుండా చెబుతారు. "ఏం లేదు నాన్నా, ఒక్క రోజూ నాగా లేదట" అన్నాను. ఆయన నా భుజం తట్టారు.