ఆండాలు వెనక్కి తీసుకున్న మాట

గొర్రె నోరు చూసి వయసు చెప్పడంలో నిడమనూరు ఆండాలును మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. పెదవి కింద బొటనవేలు పెట్టి ఎత్తితే చాలు, అది రెండు పండ్లదా, నాలుగు పండ్లదా, ముసలిదాన్ని లేతదని అంటగడుతున్నారా అన్నది తేలిపోయేది. మీసాలు తిప్పే బేరగాళ్లు కూడా ఆమె ముందు నోరు మెదిపేవారు కాదు. బడి ముఖం చూడని మనిషి మాటకు సంతలో అంత విలువ. మిర్యాలగూడలో కూతురి దగ్గర ఉంటున్నా ఆ విలువ ఆమె వెంటే వచ్చింది.

అందుకే ఎదురింటి సుగుణ తన పామెరేనియన్ కుక్కపిల్లను ఎత్తుకుని ఆమె దగ్గరికే వచ్చింది. దాని పేరు జున్ను. ఏడో నెల నడుస్తోంది. కొత్త కోరపండ్లు వచ్చాయి గానీ పాలకోరలు ఊడలేదు. ఒక్కో చోట రెండేసి నిలబడ్డాయి.

"పెద్దమ్మా, గిదేంది? దారం కట్టి గుంజాల్నా?"

"గుంజితివా, చెయ్యి ఇరగ్గొడ్త! వాటంతటవే రాలుతయి. గొర్రెకైతే ఏడాది దాటినంక గని పాలపండ్లు కదలయి. దీనికేం తొందర?"

సుగుణ నిశ్చింతగా వెళ్లిపోయింది. ఆ వారంలోనే, అలాంటి బుల్లి కుక్కనే పెంచుతున్న పక్క సందు నాగరాణికీ ఆండాలు అదే మాట చెప్పింది.

నెల తిరిగేసరికి జున్ను రొట్టెముక్కను నోట పట్టి వదిలేయసాగింది. ఎండకు అలా చేస్తోందనుకుంది సుగుణ. ఆండాలు అనుకోలేదు. ఒళ్లో వేసుకుని నోరు తెరిచింది. పాలకోర అడ్డం ఉండటంతో కింది కొత్త కోర లోపలికి ఒరిగి పై అంగిట్లో గుచ్చుకుంటోంది. అక్కడ ఎర్రగా గుంట పడింది. గొర్రెకు కోరలుండవు, పైన ముందు పండ్లే ఉండవు. ఇలాంటి గుంటను ఆమె జన్మలో చూడలేదు.

ఊరుకున్నా అడిగేవారు లేరు. ఆండాలు పేరు ఆండాలుకే ఉంటుంది.

"సుగుణా, నేన్ జెప్పింది తప్పు. కుక్క నోరు నాకు తెల్వదు. ఆనాడే తెల్వదనాల్సింది. లే, దవాఖానకు పోదాం."

సూర్యాపేటలో పశువుల డాక్టరు శ్రుతి చూసి, "చిన్నజాతి కుక్కలకు ఇట్ల ఎక్కువైతది అమ్మా. కొత్త పన్ను వచ్చినంక పాలపన్నును పక్కన ఉండనియ్యొద్దు. దారం కట్టి గుంజకపోవుడే మంచిదైంది, లోపల వేరు విరిగేది," అంది. మత్తిచ్చి పాలకోరలు తీసింది. ఆండాలు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. బయట కనిపించింది బియ్యపుగింజంత, లోపలి వేరు దానికి రెండింతలు.

తిరుగు బస్సులో సుగుణ మెల్లగా అంది: "నాగరాణికి నేన్ జెప్త తీ పెద్దమ్మా. నువ్వు పోకు. దాని సంగతి తెల్సుగదా, బజారంతా సాటిస్తది."

"సాటియ్యనీ. నా మాట నమ్మి ఊకున్నది. నేనే పోవాలె."

బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నాగరాణి గుమ్మం ముందు నిలబడింది.

"నీ కుక్కపిల్లను తే. నేన్ జెప్పింది తప్పు."

నాగరాణి నడుం మీద చెయ్యేసుకుంది. "అబ్బో! నీ నోట్ల తప్పన్న మాట గూడ ఉన్నదా? సంతల చెప్పనా మరి?"

"నేనే వొయ్యి చెప్త. ముందుగాల పిల్లను తే. రేపు పొద్దుగాల సూర్యాపేట బస్సుకు తయారుండు."

నాగరాణి లోపలికి వెళ్లి పిల్లను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది.