దినం ఆకులో సిగరెట్టు

పుంగనూరు దగ్గర పల్లెలో నేను పాల సెంటర్ నడుపుతాను. పాలు పోసుకునే ముందు ప్రతి క్యాను మూత తీసి వాసన చూడాలి. వెన్న సంగతి మిషన్ చెబుతుంది గానీ, పాలు పులుపెక్కాయా లేదా అన్నది ముక్కే ముందు చెప్పాలి. ఒక రోజు నేను బాగున్నాయని పోసుకున్న క్యాను పాలు పులిసిపోయి ఉన్నాయి. కూలర్‌లో పాలన్నీ పాడైపోయాయి. రోజూ పాలు పోసే సుబ్బమ్మక్క ఆ ఖాళీ క్యాను వాసన చూసి, "ఏమప్పా, నీ ముక్కు యాడ పెట్టి వచ్చినావు? ఈ కంపు గేటు కాడికే కొడతాంది" అనింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోతే దగ్గు తెర వచ్చి కూలబడ్డాను.

మదనపల్లెలో డాక్టరుకు చూపించుకున్నాను. ఎక్స్‌రే తీశారు, పీఎఫ్‌టీ అని గొట్టంలోకి ఊదించారు.

"సిగరెట్టు ఎప్పుడెప్పుడు తాగుతావు?"

"అప్పుడప్పుడూ సార్."

ఆయన నా పసుపు వేళ్ళు చూశాడు. "నిద్రపోయేటప్పుడు తప్ప, అంతేనా? సీఓపీడీ మొదలైంది, అంటే ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయే జబ్బు. సిగరెట్టు మానేస్తే వాసన మళ్ళీ తెలియొచ్చు. ఊపిరితిత్తుల్లో పోయింది రాదు, ఉన్నది కాపాడుకో."

ఇన్‌హేలర్, నికోటిన్ గమ్ రాసిచ్చాడు.

మానేశాను. టీ తాగగానే చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. మీసం మెలేసుకుని తిరిగే మగాణ్ణి, వేలెడంత కాగితం గొట్టం కోసం వణికిపోయాను. ఇక టీ బంకు దగ్గర స్నేహితులు! టీ ఇప్పించమంటే మొహం తిప్పుకునేవాడు కూడా మానేసినవాడికి సిగరెట్టు మాత్రం ఊరికే ఇస్తాడు. "ఒకటి తాగితే సచ్చిపోతావా?" అంటాడు. తాను మునిగే గుంటలోంచి ఇంకొకడు బయటపడితే ఓర్వలేడు.

అంతలో కుప్పంలో మా బావ దినం వచ్చింది. ఆయన పోయింది ఊపిరితిత్తుల జబ్బుతోనే. మా వైపు దినం నాడు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఫోటో ముందు ఆకులో పెడతారు. వడలు, కోడికూర, పక్కనే వెలిగించిన సిగరెట్టు. మనిషిని చంపినదాన్నే భక్తిగా నైవేద్యం పెట్టారు. మావాళ్ళ తెలివికి దండం పెట్టాల్సిందే. నా తెలివి అంతకంటే గొప్పది. అందరూ కాకికి కూడు పెట్టడానికి బయటికి పోగానే, ఆ ఆకులో సిగరెట్టు తీసుకుని పీల్చాను. చచ్చినవాడి వాటా కూడా వదలని బతుకు!

నా భార్య గుమ్మంలో నిలబడి చూసింది. అరవలేదు.

"నీ దినానికి ఏ బ్రాండు పెట్టల్లో ఇప్పుడే చెప్పయ్యా. తరవాత నేను యాడ విచారించేది?"

సిగరెట్టు కింద పడింది. ఫోటోలో బావను చూసి ఏడ్చాను. సిగ్గు కంటే భయమే ఎక్కువ.

దాంతో కోరిక చావలేదు. ఇప్పటికీ వస్తుంది. అది పిలవని పేరంటానికి వచ్చిన చుట్టం, ఆకు వేయకుంటే కాసేపు గొణిగి లేచిపోతుంది. ఈలోగా నేను గమ్ నములుతూ క్యాన్లు తోముతాను.

కొన్ని నెలలకు ఒక ఉదయం మూత తీయగానే పులుపు ముక్కుకు కొట్టింది. కంపుకు అంత సంతోషపడిన వెర్రివాణ్ణి నేనొక్కణ్ణే. "అక్కా, ఈ పాలు వద్దు" అన్నాను. అవి సుబ్బమ్మక్కవే. "నా పాలతోనే తిరిగి రావల్లనా నీ ముక్కు!" అని తిట్టుకుంటూ పోయింది. మిట్ట ఎక్కితే ఆయాసం మాత్రం ఇంకా ఉంది.

మానాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. కోరికతో వాదించొద్దు, ఓడిపోతారు. అది లేచిన చోటు వదిలి నడవండి, చేతులకు పని పెట్టండి.

నేను దగ్గితే చాలు, నా భార్య ఇప్పటికీ "బ్రాండు చెప్పనేలేదే" అంటుంది.

"పాలకోవా పెట్టు" అంటాను.