ఊరికే ఎక్కిన బస్సు

మధ్యాహ్నం పన్నెండు దాటాక జగ్గయ్యపేట నుంచి నందిగామ పోయే పల్లెవెలుగు బస్సులో ఒకరకమైన మత్తు ఉంటుంది. పొద్దుటి పిల్లలూ ఉద్యోగస్తులూ దిగిపోయి ఉంటారు, సాయంత్రం జనం ఇంకా ఎక్కి ఉండరు. పత్తి తీసి వస్తున్న ఆడవాళ్ళ చీరల మీంచి రాలిన దూదిపింజలు ఎండలో తేలుతూ సీట్ల మధ్య తిరుగుతుంటాయి. వెనక తలుపు దాని మానాన అది కొట్టుకుంటూ ఉంటుంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సగం నిద్రలో ఉన్నట్టే ఉంటుంది. నిజంగా జరిగాయా, సీట్లో కునికిపాట్లు పడుతూ కలగన్నానా అనిపిస్తుంది. కానీ నేను చేసిన వెధవపని మాత్రం కల కాదు. అది పట్టపగలు, నా చేతులారా చేశాను.

నేను పుట్టి పెరిగింది నందిగామలో. చేస్తున్నది రవాణా విధానాల మీద పీహెచ్‌డీ. ఎవరైనా "అమ్మాయి ఏం చదువుతోందండీ?" అనడిగితే మా నాన్న "బస్సుల మీద" అని ఊరుకునేవారు. అడిగినవాళ్ళు నేను కండక్టరు ఉద్యోగానికి తయారవుతున్నాననుకుని "మంచిదేలెండి, పర్మనెంటు జాబు" అని మెచ్చుకునేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత సరిదిద్దడం మానేశాను.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక వాళ్ళ రాకపోకలు ఎలా మారాయన్నది నా పరిశోధన. రెండు నెలలు ఆ రూటులో బస్సెక్కి, వాళ్ళ పక్కన కూర్చుని ఫారాలు నింపాలి. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగుతారు, ఎందుకు వెళ్తున్నారు. ఆ "ఎందుకు" కింద గళ్ళుంటాయి. కూలి, ఉద్యోగం, చదువు, ఆస్పత్రి, బజారు, చుట్టాల ఇల్లు, గుడి లేదా చర్చి. మా సబ్జెక్టులో మొదటిరోజే ఒక పాఠం చెబుతారు. ప్రయాణం దానికదిగా ఎవరికీ అక్కర్లేదు, అవతల ఉన్న పని కోసమే మనిషి కదులుతాడు అని. పరీక్షల్లో ఆ ముక్క ఎన్నిసార్లు రాశానో! రాసీ రాసీ గట్టిగా నమ్మేశాను కూడా.

ఒక బుధవారం జగ్గయ్యపేట బస్టాండులో ఒక పెద్దావిడ ఎక్కింది. అరవై దాటి ఉంటాయి. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగి, మోకాళ్ళను బతిమాలుకుంటూ ఎక్కింది. వేళ్ళ నిండా ఎండిన పత్తికాయ గీసిన పాత గీతలు. కిటికీ పక్కన కూర్చుని, ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్టు తీసుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. నేను వెళ్ళి పక్కన చేరాను. ముందుగా మా అంగీకార పత్రం చదివి వినిపించాను. మీరు చెప్పేవి ఎవరికీ చెప్పం, మీ పేరు ఎక్కడా బయటికి రాదు అని ఉంటుంది అందులో. ఆవిడ శ్రద్ధగా విని వేలిముద్ర వేసింది.

"ఎక్కడ ఎక్కారు మామ్మా?"

"వత్సవాయిలో ఒకటెక్కా. పేటలో ఇదెక్కా."

"ఎక్కడ దిగుతారు?"

"దిగను తల్లీ. నందిగామ దాకా పోయి, మళ్ళా ఇదే బస్సులో ఎనక్కొస్తా."

"నందిగామలో పనేంటి?"

"పనేం లేదు."

"మరి ఎందుకు వెళ్తున్నట్టు?"

"ఊరికే."

నా ఫారంలో ఊరికే అన్న గడి లేదు. నాకసలే ముక్కు మీద కోపం. "ఊరికే ఎవరైనా ఇంతసేపు తిరుగుతారా మామ్మా? ఏదో ఒకటి చెప్పండి, రాసుకుంటా" అన్నాను.

ఆవిడ నవ్వి, కిటికీ వైపు తిరిగి, "ఈ చేలల్లో సగం నేను చేసినయ్యే తల్లీ. నాట్లేశా, కలుపు తీశా, పత్తి తీశా. అన్నీ వంగే చూశా. కూచుని ఎప్పుడూ చూళ్ళా. ఇట్టా కూచుని చూస్తే ఎంత బాగుంటయ్యో!" అంది.

గడిలో పట్టని మాట కాబట్టి ఫారం అంచున పెన్సిలుతో రాసుకున్నాను. రాసుకుని పక్కన పడేశాను.

ఆ తర్వాత బుధవారాల్లోనూ ఆవిడ కనిపించేది. నన్ను చూడగానే సీటు తట్టి పిలిచేది. బస్సు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాక గాలి మారేది. చీర కొంగు మొహానికి కొట్టుకుంటున్నా సర్దుకునేది కాదు. ఇదిగో ఈ చేలోనే ఎండదెబ్బ తగిలి పడిపోయా, ఆ గట్టు మీదే మా వాణ్ణి చీర ఉయ్యాల్లో పడుకోబెట్టేదాన్ని అంటూ తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పేది. నేను ఊఁ కొడుతూ నా ఫారాల్లో అంకెలు దిద్దుకునేదాన్ని. ఆ గొంతు, ఇంజను మోత, ఎండ, అన్నీ కలిసి జోలపాడినట్టుండేది. నందిగామలో బస్సు ఖాళీ అయినా ఆవిడ కదిలేది కాదు. కండక్టరు కూడా ఏమీ అనేవాడు కాదు.

ఇంతలో మా గైడు గారు ఫోన్ చేశారు. "ఆ ఒక్క ఫారం కంప్యూటర్లో ఎర్రగా చూపిస్తోందమ్మా. గమ్యం లేని ప్రయాణం ఎక్కడైనా ఉంటుందా? ఎలాగూ కొన్ని ఫారాలకి ఇంటికి ఫోన్ చేసి సరిచూడాలిగా, దీనికీ చెయ్యి. తేలకపోతే తీసేద్దాం" అన్నారు.

ఫారం మీద ఆవిడ ఇచ్చిన నెంబరుంది. చేశాను. ఎత్తింది కొడుకు. వెనక ట్రాక్టరు మోత. నేను నా ధోరణిలో గడగడా అప్పజెప్పాను. "మీ అమ్మగారు బుధవారం జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళొచ్చారు కదండీ, ఏ పని మీద వెళ్ళారో కాస్త చెబుతారా?"

మోత ఆగిపోయింది. "మా అమ్మా? నందిగామా? బుధవారం చర్చిలో ప్రార్థనకి పోయిందండి ఆవిడ" అన్నాడు.

"వివరాలు సరిపోలలేదు" అని రాసుకుని ఫోన్ పెట్టేశాను. ఇంకేమీ తట్టలేదు నాకు. ఎంత మొద్దునో చూడండి.

ఆ వచ్చే బుధవారం ఆవిడ రాలేదు. ఆ పై బుధవారమూ రాలేదు. కిటికీ పక్క సీట్లో ఎవరిదో ఎరువుల బస్తా కూర్చుంది. ఆగలేక కండక్టరుని అడిగాను.

"ఆ మామ్మా? కొడుకు కార్డు తీసుకుని బీరువాలో పెట్టేశాడంటండి. కార్డు లేకపోతే జీరో టికెట్టు ఎట్టా కొడతాం? ఎవరో ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారంట, వత్సవాయి బస్సు కండక్టరు నాతో అన్నాడు" అని టికెట్లు కొట్టుకుంటూ ముందుకు పోయాడు.

ఆ ఎవరో నేనే. ఎవరికీ చెప్పనని కాగితం చదివి, వేలిముద్ర వేయించుకుని, వెళ్ళి వెళ్ళి ఆవిడ కొడుక్కే చెప్పాను. ఆ వయసులో ఆవిడ తనకంటూ దాచుకున్నది వారానికో మధ్యాహ్నం. అది నా మూలంగా పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. నందిగామ దాకా తలెత్తితే ఒట్టు.

మర్నాడే వత్సవాయి వెళ్ళాను. చర్చి వెనక వీధిలో ఇల్లు. కొడుకు వాకిట్లో ట్రాక్టరు కడుగుతున్నాడు. నేనెవరో చెప్పి, తప్పంతా నాదేనండి అన్నాను.

"మీ తప్పేముంది మేడమ్? మీరు చెప్పబట్టి తెలిసింది. ఆ మోకాళ్ళతో ఎక్కేటప్పుడో దిగేటప్పుడో పడిందనుకోండి, ఎవరు లేపుతారు? పైగా ఊళ్ళో ఏమంటారు? ఇంట్లో పెట్టుకోలేక బస్సుల్లో తిప్పుతున్నాడంటారు. చాలా థాంక్సండి" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ థాంక్సు నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆవిడ అక్కడే మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. మంచినీళ్ళు ఇమ్మని కోడలికి చెప్పింది. నేను నీళ్ళు తాగాక నెమ్మదిగా అంది. "ఎవరికీ చెప్పమని చదివావుగా తల్లీ ఆ కాయితం. నేను ఏలిముద్ర కూడా ఏశాగా."

కోపంగా అనలేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ సంచిలోంచి ఆ ఫారం తీశాను. ఈసారి మాత్రం అడిగాను. "మామ్మా, ఆ రోజు మీరన్న మాట ఇందులో రాసి ఉంది. మీ అబ్బాయికి చదివి వినిపించనా? వద్దంటే ఇక్కడే చింపేస్తా."

ఆవిడ చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఒలిచి పక్కన పెట్టింది. "చదువు. నేను చెబితే ఇంటాడా ఏంటి" అంది.

పెన్సిలుతో రాసింది చదివాను. వంగి చూసిన చేలు, కూర్చుని చూడని చేలు. చివరిదాకా చదివాను. పైపులోంచి నీళ్ళు ట్రాక్టరు చక్రం మీద పడుతూనే ఉన్నాయి. కొడుకు కట్టెయ్యలేదు.

"నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు చివరికి.

"నువ్వు ట్రాక్టరు మీద కూచునేవోడివి. నీకు రోజూ కనబడతయ్యిగా" అంది.

అతను కార్డు ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. నీళ్ళు కట్టేసి లోపలికి వెళ్ళాడు. నేను వచ్చేశాను. ఆ రాత్రే గైడు గారికి చెప్పాను, ఆ ఫారం తీసేది లేదు, ఊరికే అని కొత్త గడి పెడుతున్నానని. ఆయన కాసేపు నసిగి, "ఇలాంటివి ఎవరొప్పుకుంటారమ్మా?" అని, ఆఖరికి "సరే, చూద్దాం" అన్నారు. గడి పెట్టాక ఒకరిద్దరు ఆడవాళ్ళు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, దాని మీదే వేలు పెట్టారు.

బుధవారం వచ్చింది. బస్సు కదలబోతుండగా బస్టాండులోకి ఒక బైకు వచ్చి ఆగింది. వెనక ఆవిడ. మెళ్ళో ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు, బడిపిల్లలకి కట్టినట్టు తాడుతో కట్టి ఉంది. కొడుకు రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కించాడు. "దించేటప్పుడు చెయ్యి పట్టుకోండి మేడమ్. నేను మళ్ళా ఇక్కడికే వస్తా" అని నాకప్పగించి, బస్సు కదిలేదాకా కిందే నిలబడ్డాడు.

నా ఆనందం నేను పట్టలేకపోయాను. అయినా పాడు అలవాటు, సంచిలోంచి ఫారాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆవిడ నా వైపు అదోలా చూసింది.

"రెండు నెలల బట్టీ తిరుగుతున్నావు. ఒక్కసారన్నా బయటికి చూశావా తల్లీ?"

చూడలేదు. ప్రయాణాల మీద పరిశోధన చేస్తూ, పుట్టి పెరిగిన రోడ్డు మీద తిరుగుతూ, ఒక్కసారీ చూడలేదు. ఆ మాటే చెప్పాను.

"ఇటు రా" అని ఆవిడ లేచింది. కమ్మీ పట్టుకుని పక్కకి జరిగి, తన కిటికీ సీటు నాకిచ్చింది. వద్దన్నా వినలేదు. అన్నాళ్ళు కార్డుతోపాటు బీరువాలో మూతపడ్డ ఆ సీటుని వచ్చీ రాగానే నాకు ఇచ్చేసింది. కూర్చున్నాను. చిల్లకల్లు దాటింది. పత్తి చేలు ఎండలో తెల్లగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో తెలియనట్టు పోతున్నాయి. ఆ తెలుపులో అక్కడక్కడా రంగురంగుల చీరలు, వంగిన వీపులు. ఒక్కరూ తలెత్తి బస్సు వైపు చూడలేదు. కళ్ళు నిండి అంతా అలుక్కుపోయింది. ఎంతసేపు అలా చూశానో తెలియదు.

బస్సు గతుకులో పడింది. నా ఒళ్ళో ఫారాలు జారి కిందపడి సీట్ల కింద చెల్లాచెదురయ్యాయి. ఆవిడ అలవాటు కొద్దీ ముందుకు వంగబోయింది.

నేను గబుక్కున ఆవిడ భుజం పట్టుకున్నాను. "ఉండనీండి మామ్మా, నేను తర్వాత తీసుకుంటా. మీరు వంగమాకండి."