నాలుగు చక్రాలూ పని చేయాలన్న అవ్వ

ఆ రోజుల్లో బండ్లకు నోరుండేది కాదు. ఇప్పుడు మా చిన్నోడు కొన్న కొత్త బండి (వెనక సామాను తొట్టి ఉండే రకం) తెల్లగీత దాటితే కూస్తుంది, ముందు బండికి దగ్గరైతే కూస్తుంది, వెనక్కి తీస్తుంటే గోడ ఎంత దూరంలో ఉందో చెబుతుంది. బురదలో దిగబడితే ఒక మీట నొక్కితే చాలు, నాలుగు చక్రాలూ లాగుతాయి. తారు మీదికి రాగానే ఆ మీట తీసెయ్యమని బండే గుర్తు చేస్తుందట. "ఇవన్నీ డ్రైవరుకు సాయం సేసేటివి నాయనా" అని వాడు విడమరిచి చెబుతుంటే నేను పక్క సీట్లో కూర్చుని బుద్ధిగా తలూపుతుంటాను. (ఊపడం ఆపితే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు.) వాడికి తెలియదు గానీ, డ్రైవరుకు సాయం చేసేవి మా కాలంలోనూ లేకపోలేదు. మా లారీకి ఉన్న సాయం పేరు పోనీ మామ.

పోనీ మామ మా లారీకి క్లీనరు. మా అమ్మకు వరసకు అన్న, నాకంటే వయసులో రెట్టింపు. డ్రైవరు మీసం సరిగా మొలవని కుర్రాడు, క్లీనరు తల నెరిసిన పెద్దమనిషి. ఆదోనిలో ఇలాంటి జోడీ మాదొక్కటే. లారీ వెనక నిలబడి, అరచేత్తో బాడీ మీద చరిచి "పోనీ, పోనీ" అనడం ఆయన పని. దారి ఉన్నా పోనీ అనేవాడు, లేకున్నా పోనీ అనేవాడు. ఒకసారి గోడ తగిలి ఇటుకలు రాలుతున్నప్పుడు కూడా అదే మాట అన్నాడు, కాకపోతే కొంచెం నెమ్మదిగా. ఇక నా సంగతి చెప్పాలంటే, నాది కాలుగాలిన పిల్లి రకం. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే పోవాలనిపించేది, పోతుంటే ఇంకా తొందరగా పోవాలనిపించేది. హోటల్లో ఉగ్గాని పొగలు తగ్గేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేవాణ్ణి. అలాంటి నన్ను నమ్మి ఒక పత్తి సావుకారు లారీ ఇచ్చాడంటే, అది ఆయన మంచితనమో, వేరే డ్రైవరు దొరకని అగత్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ లారీ మామూలు లారీ కాదు. సైన్యం వాళ్ళు వాడి వాడి వేలం వేసింది. ఆకుపచ్చ రంగు, బండరాయి లాంటి ముఖం, గేరు కడ్డీ పక్కనే ఇంకొక పొట్టి మీట. ఆ మీట ముందుకు తోస్తే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుంది, నాలుగూ కలిసి లాగుతాయి. దాన్ని తెచ్చి అప్పగించిన సైన్యం డ్రైవరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బురదలో ఇది వెయ్యి, గట్టి నేల మీదికి రాగానే తీసెయ్యి, మరిచావో బండి మొరాయిస్తుంది అని ఉర్దూలో ఓపికగా చెప్పాడు. నేను హా హా అంటూనే తాళంచెవి తిప్పేశాను. ఆయన చెప్పింది చెవిలో పడిందే గానీ బుర్రలో దిగే సమయం నేనివ్వలేదు.

దసరాకు ఆయుధపూజ చేశారు. సావుకారు తల్లి, మేమంతా పెద్దవ్వ అని పిలిచే ఆవిడ, లారీకి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, మెట్టెక్కి లోపలికి వచ్చింది. ఆ ఇంట్లో అవ్వ మాటకు తిరుగు లేదు. అంతకుముందున్న డ్రైవరు నిమ్మకాయలు తొక్కించకుండా బండి కదిలించాడని పని నుంచి తీసేయించిన మనిషి ఆవిడ. పొట్టి మీట చూసి "ఇదేమిటిదిరా" అంది. పోనీ మామ ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "ఇది ఏస్తే నాలుగు సక్రాలూ లాగుతాయమ్మా, ఏయకుంటే ఎనకవి రెండే" అన్నాడు.

"అంటే రెండింటితో పని సేయించి, రెండింటిని ఊరికే తిప్పుతాండారా? కూసోని తినేటోళ్ళు నా ఇంట్లో సాల్లేదా?" అంది అవ్వ. అంటూ ఆవిడ చూసిన వైపు సావుకారు బామ్మర్దులిద్దరు వరండాలో పేకముక్కలు పంచుకుంటున్నారు. తర్వాత ఆవిడే మీటను ముందుకు తోయించి, పసుపుకొమ్ము కట్టిన దారంతో దాన్ని సీటు కింది ఇనుప కడ్డీకి ముడేసింది. "మొదటి పత్తి లోడు ఆదోని యార్డులో దిగేదాకా ఈ కంకణం ఎవురూ ఇప్పకూడదు. ఇప్పినోడు మా ఇంటి గడప తొక్కకూడదు" అంది. సావుకారు నా వైపు చూశాడు, నేను మామ వైపు చూశాను, మామ "పోనీ" అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, అవ్వ కట్టమంది, మేం కట్టేశాం.

పత్తి ఇంకా చేలలోనే ఉంది గనక అందాకా వేరే సరుకులు తోలాం. అప్పటి నుంచి తారురోడ్డు మీద కూడా నాలుగు చక్రాల స్వారీయే. స్టీరింగు తిప్పాలంటే బావిలోంచి నిండు బొక్కెన తోడినంత కష్టం. మలుపుల్లో టైర్లు కీచుమనేవి, బండి ఎగిరెగిరి పడేది, డీజిలు నీళ్ళలా తాగేది. నేను మాత్రం అదంతా బండి పౌరుషం అనుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, కండలు అందరికీ కనబడేలా కిటికీలో మోచెయ్యి పెట్టుకుని నడిపేవాణ్ణి. ముందు టైర్లు పోనీ మామ నడినెత్తిలా నున్నగా తయారైన సంగతి నేను పట్టించుకోలేదు.

స్వాతి వానల్లో అక్క నుంచి కబురొచ్చింది. అక్కను నందవరం పక్క పల్లెకు ఇచ్చారు. ఆ ఏడు బావా అక్కా మొదటిసారి సొంతంగా గుత్తకు చేను తీసుకుని పత్తి పెట్టారు. అంతకుముందు ఏటేటా సుగ్గికి పోయేవాళ్ళు. (మా వైపు పంట లేని వాళ్ళు ఇంటికి తాళం వేసి, మూటాముల్లెతో దూరదేశం కూలికి పోవడాన్ని సుగ్గి అంటారు.) ఈ పత్తి తెల్లగా ఆదోని చేరితే వాళ్ళు ఊళ్ళో ఉంటారు, తడిసి పసుపెక్కితే మళ్ళీ సుగ్గే. చేలో బోరాలు (పత్తి కుక్కే పెద్ద గోనెసంచులు) నింపి పెట్టుకున్నారు, ఎద్దులబండ్లు నల్లరేగడిలో ఇరుసుల దాకా దిగబడుతున్నాయి, పడమటి దిక్కున మబ్బు మళ్ళీ కడుతోంది. సావుకారును అడిగితే, మొదటి లోడు ఎవరిదైనా ఒకటే, తీసుకురాపో అన్నాడు.

చేలోకి దిగినప్పుడు మాత్రం ఆ లారీ సొగసు చూడాలి. మామూలు లారీ అయితే మరుసటి ఏడు విత్తనాల వేళ దాకా అక్కడే ఉండేది. మాది బురదను చిమ్ముకుంటూ, మెల్లగా, ఎక్కడా ఆగకుండా పోయింది. దిగబడితే చక్రాల కింద వేయడానికి పత్తి కట్టె మోపులతో సిద్ధంగా నిలబడిన రైతులు వాటిని కింద పడేసి చూస్తూ ఉండిపోయారు. బోరాలు ఎక్కించి, పైన బావ కూర్చుని, అక్క నా పక్కన సీట్లో కూర్చున్నాక, నేను నిండు లోడుతో ఆ చేలోంచి గట్టెక్కాను. "మా తమ్ముడు" అని అక్క కిటికీలోంచి ఎవరికో చెప్పడం వినబడింది. ఆ మాటకు నా ఛాతీ ఎంత పొంగిందంటే, గట్టి రోడ్డు వచ్చాక స్టీరింగు ఎందుకు బిగుసుకుంటోందో ఆలోచించడానికి అందులో చోటు లేకపోయింది.

ఎమ్మిగనూరు చేరేసరికి మబ్బు మా వెంటే వచ్చింది. పెద్దరోడ్డులో ఏదో పెళ్ళి ఊరేగింపు. కాసేపు ఆగితే అది కదిలిపోయేది. ఆగితే నేను నేనెట్లా అవుతాను? లారీని సాలెవాళ్ళ వీధిలోకి తిప్పాను. ఆ వీధి నిండా బండపరుపు. ఒక పక్క పొడవునా నేతకు పడుగు దారాలు సాగదీసి, ఆడా మగా గంజి పెడుతున్నారు. వీధి చివర మలుపు. స్టీరింగు మొత్తం తిప్పాను. లారీ ఒకసారి మూలిగి, ఒళ్ళు బిగబట్టుకుని, వీధికి అడ్డంగా నిలిచిపోయింది. ముందుకు పోదు, స్టీరింగు తిరగదు, ముందు బంపరుకూ పడుగుకూ మధ్య మనిషి పట్టేంత సందు కూడా లేదు.

అప్పుడు డ్రైవరుకు సాయం మొదలైంది. "ఎడమకు కొట్టప్పా" అన్నాడు ఒకాయన. "ఎడమకు కొడితే మా పడుగు పోతాది, కుడికి కొట్టు" అంది దారాలు చేత్తో పట్టుకున్న ఒకావిడ. "కొట్టేదేమీ లేదు, దిగి తోయండి" అన్నాడు ఇంకొకాయన, తాను మాత్రం అరుగు దిగకుండా. బావ పైనుంచి "వాన వస్తాంది, వాన వస్తాంది" అంటున్నాడు, అది మాకు తెలియనట్టు. పోనీ మామ వెనకనుంచి చరుస్తూనే ఉన్నాడు. నేను చేతనైంది చేశాను, అంటే ఇంకా గట్టిగా తొక్కాను. పొగ లేచింది, టైరు వాసన వచ్చింది, బండపరుపులో ఒక రాయి పగిలింది. పక్కన అక్క మబ్బునే చూస్తోంది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆ ముఖం చూశాక నాకు ఏడుపొచ్చినంత పనైంది. బండి ఆపేసి ఊరికే కూర్చున్నాను. బుద్ధెరిగాక నేను ఊరికే కూర్చోవడం బహుశా అదే మొదలు.

ఊరికే కూర్చుంటే బుర్రలోకి మాటలు దిగుతాయని అప్పుడే తెలిసింది. సైన్యం డ్రైవరు మాట గుర్తొచ్చింది. కళ్ళంలో ఎద్దులు తిరిగేటప్పుడు లోపలి ఎద్దుకు నడక తక్కువ, బయటి ఎద్దుకు ఎక్కువ. మలుపులో చక్రాలదీ అదే లెక్క. బురదలో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. బండపరుపు మీద జారదు, అన్నీ ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి. జారే నేల దొరికితేనే ఆ బిగువు వదిలి మీట వస్తుంది. "మామా, పోనీ అనొద్దు, ఎనక ఏముందో సూసి సెప్పు" అని అరిచాను. మామ మొదటిసారి నిజంగా చూశాడు. "ఎవరో ఇల్లు కట్టేకి ఇసుక పోసినార్రా అల్లుడా" అన్నాడు. మెల్లగా వెనక్కి తీశాను. వెనక చక్రాలు ఇసుకలో కొంచెం జారాయి. పొట్టి మీట టప్పుమని వదులైంది. ఇక తీసేస్తే చాలు. తీద్దామని చెయ్యి పెట్టి, ఆపేశాను.

"ఏమాయ?" అంది అక్క.

"అవ్వ కంకణం. ఇది ఇప్పితే నాకు పని ఉండదక్కా."

"మామా, నువ్వు ఇప్పు" అని అక్క కిటికీలోంచి పిలిచింది. మామ వినబడనట్టు టైరు చూడసాగాడు.

అక్క ఒక నిమిషం దారం వైపు చూసింది. తర్వాత వంగి, గోటితో ముడి ఊడదీసి, నా కుడిచేయి లాక్కుని, పసుపుకొమ్ముతో సహా ఆ దారాన్ని నా మణికట్టుకు కట్టింది. "కంకణం తీయకూడదు గానీ, చోటు మార్చకూడదని అవ్వ సెప్పలేదు కదా. ఈ బండి బాగానే ఉండాది. కట్టెయ్యాల్సింది నిన్నే. ఇంక నిదానంగా పో" అంది.

మీట వెనక్కి లాగాను. లారీ పిల్లి పిల్లలా తిరిగింది. పడుగులో ఒక్క పోగు కూడా తెగలేదు. అక్కడి నుంచి ఆదోని దాకా నేను నడిపిన తీరు చూసి సైకిళ్ళవాళ్ళు కూడా మమ్మల్ని దాటుకుని పోయారు. దారి పొడవునా కాలు నొక్కమని పోరుపెట్టింది, చెయ్యి పసుపుకొమ్ము చూపించి వద్దంది. యార్డు గేటు దగ్గర వాన అందుకుంది. పైన ఉన్న బోరాలు కొన్ని చెమ్మగిల్లాయి. బావ వాటి మీద బోర్లా పడుకుని ఉన్నాడు, తన వీపుతో ఎంత పత్తిని కాపాడగలననుకున్నాడో ఏమో. మిగతాదంతా షెడ్డు కింద తెల్లగా దిగింది.

మొదటి లోడుకు హారతి ఇవ్వడానికి అవ్వ పళ్ళెంతో వచ్చింది. ముందు మీట చూసింది, తర్వాత నా చెయ్యి చూసింది. "ఈడికెట్ల వచ్చెరా ఇది?" అంది.

"నేనే కట్టినానవ్వా" అంది అక్క. "బండికి బుద్ధుంది. లేంది వీనికే."

అవ్వ నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఇది నాకు ముందే తోచకపాయ" అని, హారతి పళ్ళెం నా ముఖం ముందు కూడా ఒకసారి తిప్పి వెళ్ళిపోయింది. నా పని నిలిచింది. అక్కా వాళ్ళు ఆ ఏడు ఊళ్ళోనే ఉన్నారు.

మరుసటి ఏడు అసలు వానే లేదు. పత్తి మొలకల్లోనే మాడిపోయింది. పల్లెలో ఇళ్ళకు తాళాలు పడ్డాయి. సుగ్గికి పోయేవాళ్ళను రైలు దాకా చేర్చమని సావుకారు మా లారీనే పంపాడు. అక్క మూట ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ నా పక్కన సీట్లోనే కూర్చుంది. దారి ఎండిపోయి, గట్టిగా, ఒక్క గుంట లేకుండా ఉంది. అలాంటి దారి మీద నేను లారీని ఎడ్లబండి కంటే మెల్లగా నడిపాను. పోనీ మామ వెనక ఉన్నాడు గానీ, ఆ రోజు ఒక్కసారి కూడా పోనీ అనలేదు. అప్పటి ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. బండి మెల్లగా నడిపితే అక్క ప్రయాణం ఆగిపోతుందనుకున్నాడు వాడు.

సగం దూరం పోయాక అక్క నా వైపు తిరిగింది.

"ఏమప్పా, ఇంత మెల్లగా పోతాండావు. బండి చెడిందా?"

"టైర్లు బాగలేవక్కా" అన్నాను.

ఆ వారమే నాలుగూ కొత్తవి వేయించామని అక్కకు తెలుసు. మళ్ళీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.