పిన్నమ్మ గీసిన ఉగాది కార్డులు

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఇందుకూరుపేట నుంచి పిన్నమ్మ పక్కింటాయన సైకిలు మీద మా ఊరికి వచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడేసరికి నాకు విషయం అర్థమైంది.

"మీ పిన్నమ్మ పొయ్యిందమ్మా. మజ్జిగన్నం తిని కుర్చీలో కూర్చునింది. కునుకు తీస్తా ఉందనుకున్నాం" అన్నాడు.

నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "అమ్మయ్య". అది చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. ఆమె ఉద్యోగమంతా ఆస్పత్రిలో పరాయివాళ్ళ పక్కలు మార్చిన మనిషి. రెండేళ్ళుగా ఆయాసంతో బాధపడుతూ, తన పక్క ఇంకొకరు మార్చే రోజు రాకూడదని మాత్రమే కోరుకుంది. ఆ రోజు రాలేదు. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆమె మా అమ్మకు చెల్లెలు. పెళ్ళయిన మూడో ఏడే భర్త పోయాడు. నర్సు పని నేర్చుకుని సముద్రం వైపు పల్లెల్లో పురుళ్ళు పోస్తూ ఉండిపోయింది. మందుల కంపెనీలవాళ్ళు ఆమె పనిచేసే ఆస్పత్రి డాక్టరుగారికి రంగుల బొమ్మలు ఇచ్చి పోతుండేవాళ్ళు. పాతకాలపు వైద్యులు, వాళ్ళు చేసిన చికిత్సలు ఆ బొమ్మల్లో ఉండేవి. పిన్నమ్మ వాటిని అడిగి తెచ్చుకుని, మందుపెట్టెల అట్టల మీద చూసి గీసేది. రంగులు వేసి ప్రతి ఉగాదికీ మాకూ, తను పురుడు పోసిన ఇళ్ళకూ పంపేది. వెనకవైపు ఎప్పుడూ ఒకటే రాత: "కొత్త ఏడు చల్లగా ఉండాలి. నీళ్ళు కాచి తాగండి."

అందరి కార్డుల మీదా పూలూ చిలకలూ ఉంటే, ఆమె కార్డు మీద తెగిన ముక్కును అతికిస్తున్న పూర్వకాలపు వైద్యుడు ఉండేవాడు. "పండగ పూట ఈ కోతలూ కుట్లూ ఏందమ్మా?" అని మా నాన్న ఎగతాళి చేసేవాడు.

"మామిడాకులు అందరూ వేస్తారు బావా. వీళ్ళని తలుచుకునేదెవరు?" అనేది పిన్నమ్మ.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో విడవలూరు దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్ళాను. నా కూతురికి నాలుగు నెలలప్పుడు మశూచి టీకాలవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. మా అత్తగారు పాపను ఎత్తుకుని వెనకవాకిట్లోంచి పొలంలోకి వెళ్ళిపోయింది. వాళ్ళు పోయేదాకా తిరిగి రాలేదు. నాకు కోపం వచ్చింది గానీ, ఆమెను తప్పు పట్టలేకపోయాను. ఆమె పెద్దకొడుకు అయిదేళ్ళ వయసులో అమ్మవారు పోసి పోయాడు. టీకా వేయిస్తే ఆ తల్లికి మళ్ళీ కోపం వస్తుందని ఆమె భయం. ఎటూ తోచక పిన్నమ్మకు ఉత్తరం రాశాను.

ఉగాది ముందురోజు పిన్నమ్మ బస్సు దిగి వచ్చింది. టీకా మాటే ఎత్తలేదు. మంచినీళ్ళు తాగి, సంచిలోంచి ఆ ఏటి కార్డు తీసి అత్తగారి చేతిలో పెట్టింది. అందులో ఒక దొర, చెయ్యి చాపిన ఒక పాలమ్మాయి, పక్కన ఆవు.

"ఈ ఆవు మన ఆవు మాదిరే ఉందే" అంది అత్తగారు.

"దొరల దేశంలో ఆవుకి మూపురం ఉండదు వదినా. లేకుండా గీస్తే ఇక్కడ గాడిద అనుకుంటారని నేనే పెట్టినా."

అత్తగారు నవ్వింది. "ఆ పిల్ల చేతి మీద అవేంది?"

"పొక్కులు. ఆవు పొదుగు మీదవి పాలు పిండే చేతికి అంటుకుంటాయి. అవి వచ్చినోళ్ళకి అమ్మవారు పొయ్యదని అక్కడి పల్లెల్లో చెప్పుకునేవాళ్ళంట. ఈ దొర ఆ మాట పట్టుకొని, ఆ పొక్కులో రసి తీసి ఒక బిడ్డకి వేసి చూసినాడు. టీకా అట్లా పుట్టింది."

అత్తగారు తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. వేళ్ళ మధ్య మాసిపోయిన మచ్చలున్నాయి. అన్నాళ్ళు ఆమె చేతి అన్నం తిని కూడా నేను వాటిని గమనించలేదు.

"నాకూ వచ్చినాయి. పుట్టింట్లో బర్రెల్ని పిండేటప్పుడు" అంది నెమ్మదిగా. "పెద్దోడికి పోసినప్పుడు పది దినాలు వాడి పక్కనే పడుకున్నా. నాకేం కాలేదు. వాణ్ణి తీసకపొయ్యి నన్నెందుకు మిగిల్చిందా అని..."

పిన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "బర్రె సంగతి నాకు ఖాయంగా తెలీదు వదినా. తెలీంది తెలిసినట్టు చెప్పను. కానీ నువ్వు మిగలడం నీ తప్పు గాదు."

అత్తగారు చాలాసేపు ఏడ్చింది. పండగ వెళ్ళిన మర్నాడు తనే పాపను చంకనేసుకుని, "పద వదినా" అంటూ పిన్నమ్మ వెంట బస్సెక్కింది.

టీకా వేయించిన ఎనిమిదో రోజుకు పాప చెయ్యి వాచింది, ఒళ్ళు కాలిపోయింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. అత్తగారు మాత్రం ఎవర్నీ తప్పు పట్టకుండా ఉయ్యాల పక్కనే కూర్చుంది. పిన్నమ్మ సెలవు పెట్టి వచ్చి, "ఇట్లా రావాల్సిందే. రాకపోతేనే నేను భయపడాల" అంది. రెండు రోజులకు జ్వరం దిగింది. తర్వాత పక్కు రాలి, చేతి మీద చిన్న గుంట మిగిలింది.

మరుసటి ఎండాకాలం మా వీధిలో మూడిళ్ళలో అమ్మవారు పోసి, గుమ్మాలకు వేపమండలు కట్టారు. ఒక ఇంట్లో పిల్లవాడు దక్కలేదు. మా పాప ఒంటి మీద ఒక్క పొక్కు కూడా లేకుండా నెలలు గడిచాయి. ఊరు తేరుకున్నాక అత్తగారు అమ్మవారికి పొంగలి పెట్టి, అందులో సగం గిన్నెకెత్తి ఇందుకూరుపేటకు పంపింది. "ఇద్దరికీ చెయ్యాల గదా" అంది. ఆ ఏటి నుంచి ఉగాది కార్డు వచ్చేదాకా ఆమెకు పచ్చడి సయించేది కాదు. వచ్చిన ప్రతి కార్డునూ పెళ్ళిచీర మడతల్లో దాచింది. పిన్నమ్మ పోయిందని చెబితే, ఆ చీర ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది.

పదకొండో రోజు ముగిశాక, మైపాడు దగ్గరి జాలర్ల పల్లె పట్టపుపాళెం నుంచి ఒకామె వచ్చి నన్ను తమ గుడిసెకు తీసుకెళ్ళింది. ఆమె బిడ్డలు ముగ్గురికీ పురుడు పోసింది పిన్నమ్మే. దేవుడి పటాల పక్కన పొగచూరిన కార్డు ఒకటి అంటించి ఉంది. అందులో స్టెతస్కోపు ఇంకా పుట్టని కాలపు డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె మీద పెట్టి వింటున్నాడు. ఆ డాక్టరు నుదుట ఎవరో కుంకుమ పెట్టారు.

"నర్సమ్మ ఈ కత చెప్పినకాడ్నించి మా బుడ్డదానికి ఇదే ఆట" అందామె.

అయిదేళ్ళ పిల్ల అప్పటికే పాత కాగితం ఒకటి చుట్టుకుని వచ్చింది. దాన్ని నా గుండెకు ఆనించి, రెండో చివర చెవి పెట్టి, మమ్మల్నందరినీ మాట్లాడొద్దని చెయ్యెత్తింది. బయట అలల హోరు. పిల్ల కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

"కొట్టుకుంటా ఉండాది" అని నవ్వింది.