నూనె తగలని కుడుములు

నాకు అక్షరాలు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా కూతురి కూతురు రాస్తోంది. ఈ సంగతిలో ఐదు నెలల పసిపిల్ల ఒకతె ఉంది, అది ఈ రాసే పిల్లే. నడుమలో కలం ఆపి నా ముఖం చూడొద్దని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

ఆ ఏడు కూడా వాన వెనకబడింది. విత్తనానికి ఒలిచిన శెనక్కాయ గింజలు మూటగట్టి మూలన పెట్టుకుని, జ్యేష్ఠమాసమంతా మబ్బుకేసి చూస్తూ కూర్చున్నాం. నా మొగుడు పోయి అప్పటికి మూడేళ్లు. ఇంట్లో నేను, కాన్పుకు వచ్చిన కూతురు, దాని ఒళ్లో బిడ్డ. కాన్పుకు వచ్చిన పిల్లను మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవాళ్లు వచ్చి పిలుచుకుపోవాలి మా పక్క. సరి నెలలో పంపరు. మూడో నెల ఊరికే పోయింది. వియ్యంకుడికి కామెర్లు వచ్చాయన్నారు. పసరు మందు మింగితే తగ్గిందన్నారు. కొన్నాళ్లకే మళ్లీ కళ్లు పచ్చబడ్డాయన్నారు. పాపం అనుకున్నాను. ఆ తర్వాత వియ్యంకుల ఊరి వైపు నుంచి వచ్చే నాగలమడిక బస్సు దిగినవాళ్లు ఒక మాట మోసుకొచ్చారు. "ఆ పిల్ల పుట్టిన గడియ మంచిది కాదు, తాతను తినేట్టుండాది" అని మా వియ్యపురాలు నీళ్ల దగ్గర అంటోందట.

పాలు తాగే బిడ్డ ఎవరిని తింటుంది? అల్లుడు మెత్తనివాడు, అమ్మ మాటకు ఎదురు చెప్పడు. ఐదో నెల కూడా దాటిపోతే ఆ మాటే నిజమై నిలబడుతుంది. నా కూతురు ఇక్కడే ఉండిపోతుంది. అలా ఉండిపోయినవాళ్లను నేను చూశాను. పెళ్లిళ్లకు పిలవరు, పిలిచినా వెనక వరుసలో కూర్చోబెడతారు.

నెల ముగియడానికి ఇంకా నాలుగు రోజులుందనగా కార్డు వచ్చింది. పక్కింటి అక్క మొగుడు చదివి చెప్పాడు. శనివారం మధ్యాహ్నం బస్సుకు వియ్యంకుడు, వియ్యపురాలు వస్తారు, ఆదివారం పొద్దున తిరిగిపోతారు. తల్లినీ బిడ్డనూ పిలుచుకుపోయేది లేనిది వచ్చి చూసి చెబుతారు. ఆ కిందంతా తిండి సంగతే. ఆయన రెండోసారి పసరు మింగి పథ్యంలో ఉన్నాడు. నూనె తగలకూడదు, తిరగమాత కూడదు, కారం పులుపు కూడదు, ఉప్పు వేయించి వేయాలి, పొద్దుగూకక ముందే తినాలి. ఆమెకు శనివారం ఒక్కపొద్దు. అన్నం ముట్టదు, పలహారమే. అందులోనూ ఉల్లీ వెల్లుల్లీ, మా ఎర్రగడ్డ తెల్లగడ్డ, తగలకూడదు.

నూనె తగలకూడదట! ఆ రోజుల్లో మా ఇంటి గోడ గీకినా శెనగనూనె వచ్చేది. దబరలు, గంటెలు, మా చేతులు, జుట్టు, తలుపు గొళ్లెం, అన్నిటికీ అదే జిడ్డు.

"వియ్యంకులొస్తే ఓళిగలు లేకుంటే ఎట్లక్కా?" అన్నాను పక్కింటి అక్కతో. బొబ్బట్లను మేం ఓళిగలంటాం.

"ఓళిగ నూనెలో ఈదల్ల. పథ్యమాయనకు ఓళిగ పెట్టి పాడెకు కట్టెలు కొట్టిస్తావా?"

"సంగటి ముద్ద పెడితే, ముద్ద పెట్టి పంపిచ్చిరని నా కూతుర్ని జన్మంతా ఎత్తిపొడుస్తాది ఆమె."

అక్క కొంగు నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "కుడుములు చెయ్యి. పెసరపప్పు పూర్ణం లోపల పెట్టి ఆవిరికి ఉడికిచ్చు. నూనె అక్కర్లే, బాణలి అక్కర్లే. ఆయన పథ్యం నిలుస్తాది, ఆమె ఒక్కపొద్దు నిలుస్తాది. తీపి కాబట్టి మర్యాద కూడా దక్కుతాది."

"అంత సులభమా?"

"సులభమే. నీ చేయి గమ్మునుంటే."

శుక్రవారమంతా నూనెతో యుద్ధం చేశాను. కుమ్మరి ఇంటి నుంచి కొత్త కుండ తెచ్చాను. కుండ మూతికి కట్టడానికి నా మొగుడి పాత పంచె ముక్క ఉడకేసి ఉతికాను. గంటె, పళ్లెం, చాట సీకాయపొడితో తోమాను. నూనె డబ్బా ఎత్తుకెళ్లి అక్క ఇంట్లో పెట్టాను. రేషన్ బియ్యం నానబెట్టి, ఆరబెట్టి, దంచి, జల్లించాను. ఉప్పు వేయించి విడిగా మూత పెట్టాను. ఇంత చేస్తున్నా భయం తగ్గలేదు. మొగుడు పోయినదాని చేతి వంట, జబ్బు మనిషి నోరు. ఏం జరిగినా నా మీదికే వస్తుంది. నా మీదికి వస్తే నా కూతురి మీదికి వస్తుంది.

శనివారం వాళ్లు వచ్చారు. నేను ఎదురు రాకూడదు కాబట్టి అక్క చేత కాళ్లకు నీళ్లు ఇప్పించి, తలుపు చాటు నుంచి చూశాను. ఆయన సగమైపోయాడు. చొక్కా కొయ్యకు తగిలించినట్టుంది. కళ్లలో ఇంకా పసుపు ఉంది.

"చెల్లెలు యాడ?" అని అడిగాడు.

"ఈడనే ఉండానన్నా," అన్నాను లోపలి నుంచి.

కూతురు వచ్చి ఇద్దరి కాళ్లకు మొక్కింది. బిడ్డ లోపలి గదిలో ఉంది. వియ్యపురాలు ఆ గది వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

"బిడ్డ నిద్రపోతాండాదా?" అన్నాడు ఆయన.

"పోనీలే. నువ్వు చూడకుంటే యాడికి పోతాది," అంది ఆమె.

నా కూతురు ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది. బిడ్డను ముస్తాబు చేస్తే అత్త మనసు మారుతుందని దాని ఆశ. అక్క ఇంటికి వెళ్లి చిన్న గిన్నెలో ఇంత నూనె తెచ్చి, వెచ్చబడటానికి పొయ్యి గట్టు మీద పెట్టింది. బిడ్డకు ఒళ్లంతా రాసి నీళ్లు పోసింది. మిగిలిన నూనెతో గిన్నె అక్కడే ఉండిపోయింది. నేను చూడలేదని చెప్పను. చూశాను. అది బిడ్డ నూనె కదా, వంట నూనె కాదు కదా అని ఎక్కడో అనుకున్నట్టున్నాను.

పొద్దు వాలుతోంది. పూర్ణం ఉండలు కట్టి పెట్టుకుని, పిండి చేతిలో తట్టి, లోపల పూర్ణం పెట్టి మూస్తున్నాను. పిండి చేతికి అంటుకుంటోంది. తడి చేసుకోవడానికి నీళ్ల గిన్నె ఎడమ పక్కన పెట్టుకున్నాను. బయట వియ్యపురాలు అక్కతో మాట్లాడుతోంది. నాకు వినబడాలనే గొంతు పెంచింది.

"మా ఇంట్లో కాలు పెట్టకముందే ఇట్లుంటే, పెట్టినంక ఎట్లుంటాదో నువ్వే చెప్పు."

"పసిబిడ్డ వదినా," అంది అక్క.

"పసిదే. పసిదని గడియ ఊరుకుంటాదా?"

నా చెవులు అక్కడున్నాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తట్టడం, పూర్ణం పెట్టడం, మూయడం. మొదటి వాయి దించి, నాలుగు కుడుములు విస్తరాకులో పెట్టి, పెసరకట్టు గిన్నెతో అక్క చేతికి ఇచ్చాను. మొదటి వడ్డన నేను చేయకూడదు. అక్క తీసుకుపోయింది.

పళ్లెంలో మిగిలినవి చూశాను. కిటికీలోంచి ఎర్రటి ఎండ పడుతోంది వాటి మీద. కొన్ని సున్నం ముద్దల్లా వెలవెలబోతున్నాయి. కొన్ని మెరుస్తున్నాయి.

చేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బిడ్డ ఒంటి వాసన. నూనె గిన్నె వైపు చూశాను. అడుగు కనబడుతోంది. పిండి అంటుకుంటే నా కుడి చేయి దానంతట అదే ఆ గిన్నెలోకి పోయి వచ్చింది. ముప్పై ఏళ్లుగా పోతున్న దారే కదా దానికి.

గమ్మున ఉండిపోవచ్చు. ఎవరికి తెలుస్తుంది? నాలుగు రోజుల తర్వాత ఆయన కళ్లు మళ్లీ పచ్చబడితే అప్పుడు తెలుస్తుంది. అప్పటికి నా కూతురు ఆ ఇంట్లో ఉంటుంది, బిడ్డతో సహా. వాళ్ల మీద ఏ మాట పడుతుందో నాకు తెలుసు. ఇవన్నీ ఆలోచించి లేచానా అంటే లేదు. కాళ్లు లేచాయి. తినే మనిషిని నడిమిట్లో ఆపకూడదు, అందులోనూ నా లాంటిది విస్తరి ముందుకు పోకూడదు. ఆయన కుడుము తుంచి నోటి దాకా ఎత్తాడు.

"అన్నా, నోట్లో పెట్టొద్దు!"

చేయి అక్కడే ఆగింది. వియ్యపురాలు లేచి నిలబడింది.

"ఏందిది? తినే నోటికి అడ్డం పడతావేంది వదినా?"

"నూనె తగిలింది. నా చేయే తగిలిచ్చింది. బిడ్డకు రాసే నూనె పక్కనే ఉండె. పొరపాటైపాయ."

"చూస్తివాప్పా?" అని మొగుడి వైపు తిరిగింది. "నేను చెప్తే నమ్మకుంటివి. మళ్లా ఆ బిడ్డ కాడికే వచ్చింది. లెయ్, పోదాం."

"ఇప్పుడు బస్సు యాడిదే?" అన్నాడు ఆయన. ముక్క విస్తరిలో పెట్టి చేయి చూసుకున్నాడు. "నేనింకా నాలిక మీద పెట్టలే. ఆకలైతాండాది. పొద్దు పోతాండాది. తగలనివి ఉంటే నాలుగు తెండి, లేకుంటే నీళ్లు తాగి పండుకుంటా."

గదిలో నా కూతురి ఏడుపు సన్నగా వినబడింది. అక్క ఎవరి వైపూ చూడకుండా నిలబడింది. వియ్యపురాలు కొంగు నడుముకు దోపుకుని నేరుగా వంటింట్లోకి వచ్చింది. నేను వెనకే పోయాను. నాలుగు దులుపుతుందనుకున్నాను.

ఆమె కుండ చూసింది. "కొత్తదా?"

"కొత్తదే."

"ఉప్పు?"

"వేయించిందే."

పంచె ముక్క ఎత్తి వాసన చూసింది. నూనె గిన్నె తీసి గడప అవతల పెట్టింది. చేతులు సీకాయతో కడుక్కుని పీట మీద కూర్చుంది. "నువ్వు పొయ్యి చూడు. నేను తడతా," అంది.

తడి చేత్తో ఒకటి తట్టింది, రెండోది తట్టింది. మూడోది చేతిలో ఉండగా ఆగింది. పొద్దున్నుంచి తిండి లేని గొంతుతో, బయటికి వినబడకుండా చెప్పింది.

"మొదటిసారి పసరు మింగినప్పుడు, పన్నెండో దినం చారు కాస్తి. కాచి తిరగమాత పెట్టేస్తి. నేను పెట్టలే వదినా, చేయి పెట్టేసింది. చుయ్యిమన్నంక తెలిసె. పారబోసే లోపల ఆయన వచ్చి గిన్నె అందుకున్యాడు. బాగుందే అని ఇంగో గిన్నె పోయించుకున్యాడు."

నేను ఊదుగొట్టం అందుకుని పొయ్యి ఊదాను.

"నాలుగు దినాలకు కండ్లు పచ్చనాయ. మందిచ్చినాయన అడిగినాడు, ఏమన్నా తగిలిందా అని. లేదంటి."

నా చేతిలో ఊదుగొట్టం ఉంది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక, ఆ ఊదుగొట్టంతోనే ఆమె నడి నెత్తిన ఒకటి వేయాలనిపించింది. అబద్ధం చెప్పను. ఆమె చారు, ఆమె తిరగమాత, ఆమె భయం. మాట మాత్రం తెచ్చి నోట మాటైనా రాని బిడ్డ మీద పెట్టింది.

"నువ్వు ముద్ద నోటి కాడ ఉండంగ పరిగెత్తి చెప్తివి," అంది. "నాకు ఆ దినం కాళ్లు రాలే."

"ఈ మాట నా నోట్లోంచి బయటికి రాదు," అన్నాను. "అన్నకు చెప్పేది చెప్పనిది నీ ఇష్టం. నా మనవరాలి మీద వేసిన మాట మాత్రం నువ్వే తీయల్ల వదినా. ఈ దినమే. పొద్దు పోకముందే."

ఆమె చేయి మళ్లీ తడి చేసుకుంది. మిగిలిన పిండి తట్టింది. ఆవిరి వచ్చేదాకా ఇద్దరం ఆ పంచె ముక్కనే చూస్తూ కూర్చున్నాం. కుడుములు దిగాయి. ఒక్కటి కూడా మెరవలేదు. ఆమే తీసుకుపోయి వడ్డించింది. ఎండ గోడ ఎక్కుతుండగా ఆయన ఆరు తిన్నాడు, పెసరకట్టు తాగాడు, చేయి కడుక్కున్నాడు.

ఆమె లేచి లోపలి గదిలోకి పోయింది. బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఇదో, నీ మనవరాలు. చూసుకో. దీని గడియ మంచిదే. మంచిది కాదని అనింది నేనే, నోటికొచ్చింది అంటి. ఇంగెవరన్నా అంటే నన్నడగమని చెప్పు."

"నేనెప్పుడన్నా అంటినా?" అన్నాడు ఆయన. బిడ్డ కాలు పట్టుకుని, వేళ్లు చూసుకుని, నవ్వాడు. "నూనె తగలకూడదని ఊరూరికీ చెప్తివే. ఇదేమో ఒళ్లంతా నూనెనే!"

"నోట్లో పెట్టుకోకుంటే చాలులే," అంది ఆమె.

తర్వాత వంటింట్లోకి వచ్చి తన ఒక్కపొద్దు విడిచింది. తెల్లగా ఉన్నవి ఇంకా మిగిలే ఉన్నాయి. "నాకు నూనె పథ్యం లేదు. ఆ మెరిసేవి ఇట్ల పెట్టు. పారేసే కాలమా ఇది," అంది. విస్తరిలోవీ, పళ్లెంలోవీ, అన్నీ తింది. పొద్దున బస్సుకు నా కూతురూ బిడ్డా వాళ్ల వెంట పోయారు.

ఆమె మొగుడికి చెప్పిందో లేదో నాకు తెలియదు. ఆయన బాగుపడి చాలా ఏళ్లు బతికాడు. నేను నా మాట నిలబెట్టుకున్నాను. ఆమెతో పండగలు చేశాను, పక్కన కూర్చుని తిన్నాను. ఆ ఊదుగొట్టం కోపం పూర్తిగా పోయిందా అంటే చెప్పలేను.

పోయిన నెల ఆమె పోయింది. దినాల నాడు ఎవరో ముసలమ్మ ఈ పిల్లను పట్టి చూసి, "ఈ పిల్లేనా, పుట్టంగనే తాతకు కామెర్లు తెచ్చింది?" అంది నవ్వుతూ. పిల్ల కూడా నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేకపోయాను. ఇన్నేళ్లకు మాట తప్పుతున్నాను. తప్పితే తప్పాను.

కలం ఆపొద్దన్నానా? రాయి. మీ తాతకు మొదటిసారి కామెర్లు ఎందుకు వచ్చాయో నాకు తెలియదు. రెండోసారి వచ్చింది చారులో తిరగమాత వల్ల. అంతే రాయి.